కుండ మాస్టారి తప్పుల్లేని రెండు రోజులు

మా మరిది బాయిలరును ఏనాడూ బాయిలరు అనలేదు. కుండ అన్నాడు. "కుండ కాగింది వదినా, ఇక మొదలెట్టుకోండి" అనేవాడు పొద్దున్న. "ఇవాళ కుండకి ఒంట్లో బాగాలేదు" అనేవాడు ఒక్కోరోజు. లారీ అంత ఉన్న నల్లటి ఇనప పీపాని కుండ అనడానికి నోరెలా వచ్చిందో గానీ, ఆ పేరు దానికి అంటుకోలేదు, అతనికి అంటుకుంది. లాండ్రీలో ఆఫీసు గది నుంచి గేటు దాకా అందరికీ అతను కుండ మాస్టారే.

అతని గురించి చెప్పడానికి నాకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు. నేను కాపురానికి వచ్చేనాటికి అతనికి పద్నాలుగేళ్ళు, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాదు. భార్య పోయాక కూతుర్ని వేలు పట్టుకుని తీసుకొచ్చి మా ఇంట్లోనే ఉండిపోయాడు. నా చేతి అన్నం తిన్నాడు, నా నోటి తిట్లూ తిన్నాడు. మా ఆయన నడుం పడిపోయి మూల కూర్చున్నాక నన్ను లాండ్రీలో పనికి కుదిర్చిందీ అతనే. అప్పట్నుంచి అతను గోడకి అటు, నేను గోడకి ఇటు.

అది పెద్ద లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు బండ్ల కొద్దీ వస్తాయి. గోడకి అవతల బాయిలరు గది. ఇవతల ఇస్త్రీ హాలు, అందులో పదకొండు మంది ఆడవాళ్ళం. ఆవిరి గొట్టాలు గోడలోంచి మా బల్లల కిందికి వస్తాయి. నాది గోడ పక్క నుంచి మూడో బల్ల. ముంజేతుల మీద కాలిన మచ్చలు లెక్కపెడితే నా సర్వీసు ఎంతో చెప్పొచ్చు.

మరిది సన్నగా చీపురుపుల్లలా ఉంటాడు. ఎడమ చెవి ఎప్పుడూ కుండ వైపే. ఎదుటి మనిషితో మాట్లాడుతున్నా ఆ చెవి అటే. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా తల ఒక పక్కకి వాల్చి కూర్చుంటాడు, గిన్నెలోంచి ఎవరో పిలుస్తున్నట్టు. నిలకడ లేని మనిషి. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే వేళ్ళు ఆడతాయి.

నేను పనిలో చేరిన కొత్తలో ఓసారి లోపలికి పిలిచి కుండ చూపించాడు. దాని మొహం మీద జానెడున్నర పొడవు గాజు గొట్టం ఒకటి నిలువుగా ఉంది, అందులో సగం దాకా నీళ్ళు. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో ఆ గొట్టం చెబుతుందట. అలాంటివి రెండుండాలి. నేను చెప్పబోయే సంగతి నాటికి ఒకటి పగిలి ఏడాదైంది, కొత్తది ఇంకా వస్తూనే ఉంది.

"చూశావా వదినా, గొట్టంలో నీళ్ళు ఎలా ఎగురుతున్నాయో! ఎగిరినంతసేపూ నిజం చెబుతున్నట్టు. బుద్ధిమంతుల్లా కదలకుండా నిలబడ్డాయనుకో, అప్పుడు అబద్ధం. లోపల దారి మూసుకుపోయినట్టు. కుండలో నీళ్ళు అడుగంటినా గొట్టం మాత్రం సగం ఉందనే చూపిస్తుంది."

"అయితే మీ అన్నయ్య పొద్దస్తమానం అబద్ధమేనన్నమాట" అన్నాను. నవ్వలేక చచ్చాడు.

కుండ దగ్గర ఒక పుస్తకం ఉండేది. షిఫ్టు దిగేటప్పుడు ఆ రోజు సంగతి అందులో రాయాలి, తరువాత వచ్చేవాడు అది చదివి సంతకం పెట్టాలి. మరిది పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా. రెండింటికి వచ్చేవాణ్ణి అందరూ బెల్టు అనేవారు, పొట్ట కిందికి జారే బెల్టును గంటకోసారి ఎగలాక్కుంటాడని. మరిది ఇరవై ఏళ్ళు ఆ పుస్తకం తెలుగులోనే రాశాడు. నేను మూడో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, తెలుగు కూడబలుక్కుని చదవగలను. అతని రాతలు చదివితే కడుపు నిండేది. "పొద్దున్న కుండ దగ్గింది. పదింటికి సర్దుకుంది." "పంపు ముక్కుతోంది, కాస్త నూనె పోశాను, ఊరుకుంది." "పొగ తెల్లగా వస్తోంది, నాకు నచ్చలేదు, బెల్టు గారు ఓ కన్నేయాలి."

అలా నడుస్తున్నదాంట్లోకి కొత్త మేనేజరు వచ్చాడు. చొక్కా జేబులో ఎర్ర పెన్ను. చెడ్డవాడు కాదు, చేతులు ఊరికే ఉండని మనిషి, అంతే. బాయిలరుకు ఇన్సూరెన్సు చేసేవాళ్ళు పుస్తకం ఇంగ్లీషులో ఉండాలన్నారట. ఒకటో తారీఖు నుంచి అంతా ఇంగ్లీషే అన్నాడు. నోటిమాట ఒద్దు, రాసింది ఉంటేనే జరిగినట్టు అన్నాడు. తప్పుకి ఒక ఎర్ర సున్నా. నెలలో పది సున్నాలు దాటితే బాయిలరు నుంచి తీసి మురికి గదికి వేస్తారు. మురికి గదంటే ఆసుపత్రుల నుంచి వచ్చిన గుడ్డలు విప్పి, దులిపి, వేరుచేసే గది. అందులోకి వెళ్ళినవాడు ఇంటికి వచ్చి ముందు స్నానం చేసి తరువాత మాట్లాడతాడు.

మరిది ఏడో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు మాటలు చాలానే తెలుసు. వాటిని వరసలో నిలబెట్టడం తెలియదు. రెండో తారీఖు టీ వేళకి మేనేజరు ఆ పుస్తకం పట్టుకుని ఇస్త్రీ హాలుకే వచ్చాడు. మా అందరి ముందూ గట్టిగా చదివాడు.

"బాయిలర్ ఈజ్ కాఫింగ్ సిన్స్ మార్నింగ్. ఐ గేవ్ హిమ్ వాటర్." పుస్తకం దించి మరిది వైపు చూశాడు. "హిమ్ ఏంటి మాస్టారూ? బాయిలరేమన్నా మీ బావమరిదా?"

హాలంతా నవ్వింది. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు. నా పక్క బల్ల దానికైతే కళ్ళ నీళ్ళు తిరిగాయి. నేను దాని వైపు ఒక్క చూపు చూశాను, నవ్వు నోట్లోనే ఇస్త్రీ అయిపోయింది. మరిది మాత్రం ఆ నవ్వుల మధ్య ఎడమ చెవి గోడ వైపు వాల్చి నిలబడ్డాడు, పిలిస్తే వెళ్ళిపోదామన్నట్టు.

ఆ రాత్రి అన్నం దగ్గర సగంలో లేచాడు. కూతురి దగ్గరికి వెళ్ళి నోటుబుక్కు చాచాడు.

కూతురు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. నా చేతుల్లో పెరిగింది గనక నోరు నాదే వచ్చింది. తండ్రి ఇంగ్లీషులో మాట్లాడితే చెవులు మూసుకునేది. "నాన్నా, మాట తెలిస్తే చాలదు, అది ఎక్కడ కూర్చుంటుందో తెలియాలి. కుర్చీ మీద చెప్పులు, గుమ్మంలో కంచం పెట్టినట్టుంటుంది నీ ఇంగ్లీషు" అనేది.

ఆ రోజు మాత్రం జాలి పడింది. మరిది చెప్పినవన్నీ విని, ఇరవై రెండు వాక్యాలు గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసి చించి ఇచ్చింది. నీళ్ళ మట్టం మామూలుగా ఉంది, ఆవిరి ఒత్తిడి మామూలుగా ఉంది, పంపుకి గ్రీజు పెట్టాం, పొగగొట్టం శుభ్రం చేశాం, ఇలా. ప్రతి దాంట్లోనూ ఇంగ్లీషు 'ద' ఉండాల్సిన చోటే ఉంది.

"ఇందులో ఉన్నదే రాయి నాన్నా. నీ సొంత మాట ఒక్కటి కలిపావో, మొత్తం పాడవుతుంది."

"ఒక్కటి కూడా కలపనమ్మా" అన్నాడు, గురువుగారి ముందు చేతులు కట్టుకున్నట్టు.

ఆరు వారాలు ఒక్క ఎర్ర సున్నా పడలేదు. మేనేజరు పుస్తకం తిప్పి చూసి "మాస్టారిని చూసి నేర్చుకోండయ్యా" అన్నాడు బెల్టుతో. బెల్టు ఎగలాక్కున్నాడు. మరిది నడకే మారిపోయింది. చొక్కాకి మెడ గుండీ కూడా పెట్టాడు. కూతురు బడిలో తోటి టీచర్లకి చెప్పుకుందట, మా నాన్న లాగ్‌బుక్కు తప్పుల్లేకుండా రాస్తాడని.

నేనే గమనించాను. ఓ రోజు పుస్తకం తెరిచి చూస్తే ఏ పేజీ చూసినా ఒకటే. ఇంగ్లీషు చదవలేను గానీ బొమ్మ పోల్చలేనా? నిన్నటి బొమ్మే ఇవాళా, మొన్నటి బొమ్మే నిన్నా. ఆరు వారాలుగా కుండ దగ్గలేదు, పంపు ముక్కలేదు, పొగ ఎవరికీ నచ్చకుండా పోలేదు.

"ఏమయ్యా మరిదీ, కుండకి జబ్బులన్నీ ఇంగ్లీషు దెబ్బకి నయమైపోయాయా?" అన్నాను.

"అన్నీ రాయక్కర్లేదులే వదినా" అన్నాడు. మోకాలు ఆడుతోంది.

ఆ వారం మంగళవారం సాయంత్రం అతని అలజడి మొదలైంది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వంటింట్లోకి వస్తాడు, నీళ్ళ గ్లాసు ఎత్తి చూస్తాడు, తాగడు, దించుతాడు. వాకిట్లోకి పోతాడు, మళ్ళీ వస్తాడు. టీచరమ్మ పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చుంది. దాని దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, నీళ్ళు ఊరికే నిలబడిపోతే ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఏ నీళ్ళు?"

"నీళ్ళే. కదలకుండా."

"చెరువులోవా, బకెట్లోవా, రోడ్డు మీదవా? దేనికది వేరే మాట ఉంటుంది నాన్నా. సందర్భం చెప్పకుండా నేను మాట చెప్పలేను."

మరిది నా వైపు చూశాడు. నేను కూర తరుగుతున్నాను. "ఏం లేదులేమ్మా" అన్నాడు. అది మళ్ళీ పేపర్లలోకి తల దించింది. నాకెందుకో కత్తిపీట మీద చెయ్యి ఆగింది, కానీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

బుధవారం ఇంకా అధ్వాన్నం. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. "వదినా, నీ బల్ల ఆ చివరి కిటికీ వైపు మార్పించుకోరాదూ? గాలి బాగుంటుంది" అన్నాడు.

"ఇరవై ఏళ్ళుగా లేని గాలి ఇప్పుడు దేనికి?" అన్నాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

గురువారం పదకొండు గంటల్లోపు మూడుసార్లు ఇస్త్రీ హాలు గుమ్మంలోకి వచ్చాడు. వచ్చి మమ్మల్ని వరసగా చూసుకుంటూ పోతాడు, పదకొండు మందినీ లెక్కపెడుతున్నట్టు. నాలుగోసారి వచ్చేసరికి నేను దుప్పటి సగంలో వదిలేసి, అతని వెనకే బాయిలరు గదిలోకి వెళ్ళి తలుపు మూశాను.

"చెప్పు. తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్ళు తిరుగుతావు?"

గాజు గొట్టం చూపించాడు. నీళ్ళు సగానికి ఉన్నాయి. బుద్ధిగా, బడిలో మొదటి బెంచీ పిల్లల్లా కదలకుండా ఉన్నాయి.

నా అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆ గదిలో కాళ్ళు చల్లబడడమంటే మాటలు కాదు.

"ఎప్పట్నుంచి?"

"మంగళవారం నుంచి మందంగా ఉన్నాయి. గొట్టం కింద కాక్, అదే ఆ చిన్న కుళాయి, తిప్పి నీళ్ళు వదిలేస్తే, మళ్ళీ ఎక్కడానికి మూడు లెక్కపెట్టేంతసేపు పట్టింది. వెంటనే ఎక్కాలి వదినా. నిన్న ఏడు. పొద్దున్న పదిహేను. ఇప్పుడు అసలు కదలికే లేదు. నేను చెవి ఆనించి, నా అంచనా మీద నీళ్ళు పోసుకుంటూ వస్తున్నా. రెండింటికి నేను దిగిపోతా. బెల్టు గొట్టాన్ని నమ్ముతాడు. సగం ఉందనుకుని పంపు వెయ్యడు. లోపల నీళ్ళు దిగి, మంట వెళ్ళే ఇనప గొట్టాలు బయటపడి ఎర్రగా కాలితే..." గోడ వైపు చూశాడు. గోడకి అవతల నా పక్క బల్లది పాట పాడుకుంటోంది.

"బెల్టుకి చెప్పలేదా?"

"కాస్త చూసుకోవయ్యా అన్నాను. పుస్తకంలో నార్మల్ అని రాశారుగా మాస్టారూ అన్నాడు."

"మేనేజరుకి?"

"గుమ్మంలోనే ఆపి, రాసివ్వండి అన్నాడు."

"రాయి మరి!"

"దానికి వాక్యం లేదు వదినా." జేబులోంచి కూతురి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. వేలితో ఒక్కొక్క వరసా తడిమాడు, దొరుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ వెతికినట్టు. "ఇరవై రెండు ఉన్నాయి. ఇది లేదు. సొంతంగా రాద్దామంటే చెయ్యి రాలేదు. దీనికి దగ్గరగా ఉన్నదేదో రాశా."

"ఏం రాశావు?"

"ద వాటర్ లెవెల్ ఈజ్ నార్మల్." తల దించుకున్నాడు. "మంగళవారం ఒకసారి. నిన్న ఒకసారి."

నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. పెంచిన చెయ్యి, ఆగింది.

"అంటే తప్పు లేకుండా రాయడానికి అబద్ధం రాశావు."

"తప్పు రాస్తే సున్నా పెడతారు. అందరి ముందూ చదువుతారు. అమ్మాయి బడిలో చెప్పుకుంది వదినా, మా నాన్నకి తప్పులు రావని. ఇప్పుడు నిజం రాస్తే ఆ రెండు రోజులూ అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. మురికి గదికి పంపుతారు. ఈ కుండని ఇంకొకరికి ఇస్తారు."

అతని గుండె ఉన్నది అక్కడ. మురికి గది కాదు, కుండ.

"నీకు కుండే కావాలా? అయితే విను" అన్నాను. "మీ అన్న కదలకుండా కూర్చుని అబద్ధం చెబుతాడన్నాను, గుర్తుందా? ఆయన అబద్ధానికి ఎవరూ చావరు. గోడవతల పదకొండు మందికి నీ ఇంగ్లీషు తప్పొప్పులతో పనేంటి? వాళ్ళు నవ్వితే నవ్వనీ. ఇంటికెళ్ళి నవ్వనీ."

ఒక్క క్షణం నిలబడ్డాడు. మోకాలు ఆడడం ఆగింది. అది మరీ భయంగా అనిపించింది నాకు, ఆ గొట్టం గుర్తొచ్చి. తరువాత చెయ్యి చాచి మంట మీట కిందికి లాగేశాడు. లోపల బుసబుసలాడుతున్న మంట గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండడం నేను వినలేదు.

"నీళ్ళు పొయ్యవా?"

"ఇప్పుడా? కాలిన దాని మీద చల్లనీళ్ళు పోస్తే పగులుతుంది. దానంతటదే చల్లారాలి" అంటూ పుస్తకం తెరిచాడు. కూతురి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కో మాటా గట్టిగా పలుకుతూ రాశాడు, నాకు తెలుగులో చెబుతూ.

"వాటర్ నో జంప్. వాటర్ డెడ్ స్టాండింగ్. గ్లాస్ టెల్లింగ్ లై."

"అంటే?"

"నీళ్ళు ఎగరట్లేదు, చచ్చి నిలబడ్డాయి, గాజు అబద్ధం చెబుతోంది."

"బాగుంది. నీ సంగతి కూడా రాయి."

పెన్ను ఆగింది. నుదుటి చెమట బొట్టు పేజీ మీద పడింది. "టూ డేస్ ఐ రైట్ నార్మల్. ఐ యామ్ ఆల్సో టెల్లింగ్ లై. నౌ ఐ స్టాప్ ఫైర్. నోబడీ స్టార్ట్. నోబడీ పోర్ కోల్డ్ వాటర్." కింద సంతకం పెట్టాడు. ఆ సంతకం ఒక్కటే వంకర లేకుండా వచ్చింది.

అవతల హాల్లో ఇస్త్రీలు చల్లబడిపోయి ఆడవాళ్ళు అరుస్తున్నారు. మూడింటికి హోటలు బండి వస్తుంది, నాలుగు వందల దుప్పట్లు మిగిలున్నాయి. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరాపమన్నారు మాస్టారూ? ఎవరి సంతకంతో ఆపారు?"

మరిది పుస్తకం చాచాడు. మేనేజరు అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు, మూత కూడా ఊడదీశాడు. చదవడం మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి. పెన్ను కదల్లేదు. చివరిదాకా చదివి, తల ఎత్తి గొట్టం చూశాడు.

"నీళ్ళున్నాయిగా? సగానికి ఉన్నాయి."

"వెనక్కి జరగండి సారూ" అన్నాడు మరిది. కింద కాక్ తిప్పాడు. గొట్టంలో నీళ్ళు జారిపోయాయి, పైనుంచి ఆవిరి బుస్సున తన్నింది. కాక్ మూశాడు. "ఇప్పుడు లోపల్నుంచి నీళ్ళు ఎక్కాలి. లెక్కపెట్టండి."

మేనేజరు పైకే లెక్కపెట్టాడు. పది. ఇరవై. ముప్పై దగ్గర గొంతు తగ్గింది. నలభై దగ్గర ఆపేశాడు. గొట్టం ఖాళీగానే ఉంది, మెరుస్తూ.

"మీరు ఇక్కడేం చేస్తున్నారమ్మా?" అన్నాడు నాతో, ఏదో ఒకటి అనాలి గనక.

"సాక్షిని" అన్నాను. "ఈ గోడకి అవతల బల్ల నాది."

మర్నాడు మధ్యాహ్నానికి కుండ చల్లారింది, మెకానిక్కు వచ్చి విప్పాడు. గొట్టంలోకి నీళ్ళొచ్చే దారిలో నా బొటనవేలంత సున్నపు గడ్డ. లోపల నీళ్ళ మరక గొట్టం చూపించిన దానికి జానెడు కిందుంది. ఇంకో నాలుగు అంగుళాలు దిగితే లోపలి మంట గొట్టాలు బయటపడేవన్నాడు మెకానిక్కు. "ఈ గోడ మందం ఎంత?" అని అడిగాడు. ఒకటిన్నర ఇటుక అన్నారెవరో. అతను చేతులు తుడుచుకున్నాడు. బెల్టు ఆ గడ్డని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. నాలుగో రోజు రెండో గాజు గొట్టం కూడా వచ్చింది. ఏడాదిగా రానిది నాలుగు రోజుల్లో ఎలా వచ్చిందో నేను అడగలేదు. అడిగితే నా నోరు ఊరుకోదు.

మరిదికి కాగితం ఇచ్చారు. రెండు రోజులు తప్పుడు రాత రాసినందుకు నెల రోజులు మురికి గది. తగ్గించమని నేను అడగలేదు, అతనూ అడగలేదు. అది అతను చేసుకున్నదే. ఎర్ర పెన్ను మాత్రం నేను చూశాను. మేనేజరు మంగళవారం పేజీ తీసి, 'ద' దగ్గర్నుంచి చుక్క దాకా తప్పు లేని ఆ వాక్యం చుట్టూ పెద్ద సున్నా చుట్టాడు. బుధవారం దాని చుట్టూ ఇంకోటి. గురువారం పేజీ మీద చెమట మరక తప్ప ఏమీ లేదు.

టీచరమ్మకి విషయం నేనే చెప్పాను, దాని తండ్రి చెప్పలేక చచ్చేలా ఉన్నాడు. అది ఏడవలేదు. తండ్రి రాసిన ముక్కలు నోటితో చెప్పించుకుంది. వింటూ వింటూ మొహం చిట్లించింది.

"డెడ్ స్టాండింగ్ కాదు నాన్నా. ద వాటర్ ఈజ్ నాట్ మూవింగ్ ఇన్ ద గేజ్ గ్లాస్. అలా రాయాలి."

"అలాగేనమ్మా, కాగితం మీద రాసివ్వు. ఇరవై మూడోది" అన్నాడు మరిది.

అది రాస్తూ రాస్తూ ఆగింది. "మంగళవారం నాడు నన్ను అడిగావు కదా నాన్నా. నీళ్ళు నిలబడిపోతే ఏమంటారని."

"అడిగా."

"ఏ నీళ్ళో చెప్పొచ్చుగా!"

"చెబితే పెద్దమ్మని పనికి పోనివ్వవు. నేను అబద్ధం రాశానని నీకు తెలిసిపోతుంది. రెండూ ఎలా చెప్పనమ్మా?"

అది పెన్ను కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మరిది ఆ కాగితం తీసుకుని మిగిలిన ఇరవై రెండింటితో కలిపి మడత పెట్టుకున్నాడు. తరువాత నుంచి అది తండ్రి ఇంగ్లీషుకి చెవులు మూసుకోవడం నేను చూడలేదు. తప్పులు మాత్రం దిద్దడం మానలేదు. ఎందుకు మానుతుంది, అది నా పెంపకం.

ఆ నెలంతా ఇంట్లో అతనితో పడలేకపోయాం. మురికి గది నుంచి వచ్చి, రెండుసార్లు స్నానం చేసి, గుమ్మంలో నిలబడి లాండ్రీ వైపు చెవి పెట్టేవాడు. అక్కడికి మైలున్నర దూరం, ఏం వినిపిస్తుందట! "బెల్టు పంపుకి నూనె పోస్తున్నాడో లేదో" అనేవాడు. "కుండ దగ్గుతోందేమో" అనేవాడు. నేను పని నుంచి రాగానే ఎదురొచ్చి "ఇవాళ ఆవిరి ఎలా ఉంది?" అని అడిగేవాడు, ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు. "దుప్పటి మడత బాగా వచ్చింది, కాబట్టి ఆవిరి బాగానే ఉంది, ఇక కూర్చో" అనేదాన్ని. కూర్చునేవాడు కాదు.

ముప్పై ఒకటో రోజు పొద్దున్న ఆరింటికి అతను మళ్ళీ బాయిలరు గదిలోకి వెళ్ళాడు. మేము బల్లల దగ్గర ఇంకా దుప్పట్లు పరుస్తున్నాం. గోడ అవతల కాక్ తిప్పిన బుస్సు వినిపించింది, ఒకసారి. మళ్ళీ రెండోది, కొత్త గొట్టానిది. తరువాత గుమ్మంలో తల పెట్టాడు. మెడ గుండీ పెట్టుకోలేదు, చొక్కాకి అప్పుడే మసి.

"వదినా, ఒక్కసారి వచ్చి చూడు! రెంట్లోనూ ఎగురుతున్నాయి!"

"నా ముందు ముప్పై దుప్పట్లున్నాయయ్యా, నీ నీళ్ళ ఆట చూసే తీరిక ఎవరికుంది?" అన్నాను.

అనేసి, చేతిలో దుప్పటి నా పక్క బల్లదాని మీదికి విసిరి, వెళ్ళాను.